పర్మిషన్ ఉంది సార్!

హైదరాబాదులో ఏ మోత గురించి ఎవర్ని అడిగినా వచ్చే సమాధానం ఒక్కటే: "పర్మిషన్ ఉంది సార్". పెళ్ళి బరాతయినా, వినాయకుడి మండపమయినా, పార్టీ మీటింగయినా, కొత్తగా పెట్టిన బట్టల షాపు ఓపెనింగయినా అంతే. ఆ మాట విన్నాక అడిగినవాడు నోరు మూసుకుని వెనక్కి రావాల్సిందే. పోలీసులే ఇచ్చాక ఇంక ఎవరికి చెప్పుకుంటాం?

సరే, ఆ పర్మిషన్లో అసలేం రాసుంటుంది? ఎంతసేపటికి ఇచ్చారు? ఎంత సౌండుకి ఇచ్చారు? ఎవరి పేరు మీద ఇచ్చారు? ఆ కాయితాన్ని కళ్ళారా చూసినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? నాకు తెలిసినవాళ్ళలో ఒక్కరూ లేరు. పోనీ అని కూర్చుని రూల్సు చదివాను. చదివాక నాకర్థమయిందేంటంటే, రూల్సు చెడ్డవేం కాదు. నిజం చెప్పాలంటే చాలా కఠినంగా ఉన్నాయి. గొడవంతా ఎక్కడుందంటే, ఆ రూల్సు ప్రకారం ఉండాల్సిన సౌండుకీ, పర్మిషన్ చేతిలో పెట్టుకుని గల్లీలోకి దింపే సామానుకీ ఎక్కడా పొంతన లేదు. ఇచ్చేవాళ్ళకి ఈ సంగతి తెలుసు, తీసుకునేవాళ్ళకీ తెలుసు. తెలియనట్టు నటించడానికయ్యే ఖర్చు మాత్రం పక్కింటివాడు కడుతున్నాడు.

ముందు రూల్సు సంగతి చూద్దాం. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద కేంద్రం 2000లో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు తెచ్చింది. దేశమంతటికీ ఇవే. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వ్యాపార ప్రాంతాల్లో 65, 55. సైలెన్స్ జోన్లలో 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. లౌడ్‌స్పీకర్ వాడాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 తర్వాత నాలుగ్గోడల మధ్య, లోపలివాళ్ళకి మాత్రమే వినపడేలా తప్ప వాడకూడదు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, కానీ ఏడాది మొత్తం మీద 15 రోజులకి మించకూడదు. అవి ఏ రోజులో ముందే ప్రకటించాలి.

అసలు ముక్క ఇంకోటుంది. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ పెడితే, ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతపు పరిమితి కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ, లేదా 75 డెసిబెల్స్, ఈ రెంటిలో ఏది తక్కువయితే దాన్ని దాటకూడదు. అంటే మనలాంటి కాలనీల్లో పగలయితే 65, రాత్రయితే 55. ప్రైవేటు స్థలమయితే (ఫంక్షన్ హాలో, క్లబ్ హౌసో అనుకోండి) పరిమితి మీద 5 డెసిబెల్స్ మాత్రమే అదనం. మనం మామూలుగా మాట్లాడుకునే మాట మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. దాన్ని బట్టి 65 అంటే ఎంతో ఊహించుకోండి.

ఇప్పుడు కొంచెం లెక్కలు. ఇంజనీరింగ్ ఫస్టియర్లో చదివి మర్చిపోయినవే, భయపడకండి. డెసిబెల్ లాగరిథమిక్ స్కేలు. 10 పెరిగితే శబ్దశక్తి పది రెట్లు, 20 పెరిగితే వంద రెట్లు, 30 అయితే వెయ్యి రెట్లు. ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పెద్ద డీజే సెట్టు మీటరు దూరంలో 120 డెసిబెల్స్ ఇవ్వడం పెద్ద కష్టమేం కాదు. పది మీటర్ల దూరంలో అది 100 అవుతుంది. రూలు ప్రకారం ఉండాల్సింది 65. తేడా 35 డెసిబెల్స్, అంటే అనుమతించిన దానికి మూడు వేల రెట్ల పైన శబ్దశక్తి. స్పీడ్ లిమిట్ 60 ఉన్నచోట 80లో పోవడం లాంటి తప్పు కాదిది. ఇది రోడ్డు మీద విమానం నడపడం.

ఇదే లెక్కని తిరగేయండి. ఆ 120 తగ్గి 65కి రావాలంటే మధ్యలో అర కిలోమీటరు పైన ఖాళీ స్థలం కావాలి. హైదరాబాదులో ఏ గల్లీలో ఉందది? పోనీ సరిహద్దు పది మీటర్ల దూరంలో ఉంటే, 65 దాటకుండా ఉండడానికి ఎంత సౌండు పెట్టుకోవచ్చు? మీటరు దూరంలో 85. అంటే ఇంట్లో హోం థియేటర్ కాస్త గట్టిగా పెడితే వచ్చేంత. అంతే! ఒక చిన్న మైకుసెట్టుకి సరిపోతుంది. పూజారిగారి మంత్రాలు వినపడతాయి, భజన వినపడుతుంది, పిల్లల డాన్సు ప్రోగ్రాంకి పాట వినపడుతుంది. లారీ మీద పేర్చిన డీజే బాక్సులకి మాత్రం ఏ రకంగానూ సరిపోదు.

కాబట్టి నివాస ప్రాంతంలో డీజే లారీకి రూల్సు పాటించే అవకాశమే లేదు. "పరిమితికి లోబడి" అని రాసి ఇచ్చే పర్మిషన్ ఎలాంటిదంటే, టెస్టులన్నీ ఫెయిలవుతాయని ముందే తెలిసిన బిల్డుకి సైనాఫ్ ఇవ్వడం లాంటిది. ప్రొడక్షన్లో పగిలిపోయాక కస్టమర్ ఫోన్ చేస్తాడు. ఇక్కడ కస్టమర్ అంటే మనం. ఫోన్ అంటే 100కి.

ఆ ఫోన్ గురించి చెప్పాలి. చట్టంలో ఫిర్యాదు చేసే హక్కుంది. శబ్దం పరిమితిని 10 డెసిబెల్స్ దాటినా, రాత్రి నిషేధాన్ని ఉల్లంఘించినా ఎవరైనా ఫిర్యాదు చెయ్యొచ్చు. కాయితం మీద బాగానే ఉంది. కానీ చేసేదెవరు? మా ఇంటి వెనక ఒక ఫంక్షన్ హాలుంది. హాలంటే పేరుకే, సగం ఆరుబయటి లానే. ముహూర్తాల సీజన్లో నేను అమెరికా వాళ్ళతో కాల్‌లో అన్‌మ్యూట్ చేసినప్పుడల్లా అవతలివాళ్ళు "పార్టీలో ఉన్నావా?" అని అడుగుతుంటారు. అది నవ్వుకునే బాధ. పై ఫ్లోర్లో గుండెకి స్టెంట్ వేయించుకున్న పెద్దాయన ఉన్నారు. ఆయన బాధ నవ్వుకునేది కాదు. అద్దాలు ఊగుతుంటే మంచం మీద లేచి కూర్చుంటారు. ఫోన్ చేద్దామా అంకుల్ అంటే, "వద్దు బాబూ, పక్కపక్కన బతకాల్సినవాళ్ళం" అంటారు.

ఆయన భయం ఉత్తిది కాదు. ఫోన్ చేస్తే పేరడుగుతారు, నంబరు ఉండనే ఉంటుంది. పెట్రోలింగ్ బండి వస్తుంది, సౌండు తగ్గుతుంది, బండి వెళ్తుంది, సౌండు పెరుగుతుంది. మర్నాడు గల్లీలో "ఎవర్రా కంప్లెయింట్ చేసింది?" అన్న ఎంక్వయిరీ మొదలవుతుంది. మండపం కుర్రాళ్ళయితే చందా ఇవ్వనివాళ్ళ లిస్టు తీస్తారు. ఒక్క రాత్రి నిద్ర కోసం ఏడాదంతా శత్రుత్వం ఎవరు కొనుక్కుంటారు? ఈ ఇబ్బందిని కోర్టులు కూడా గుర్తించాయి. 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు ముంబైలోని నెహ్రూనగర్ నివాసుల కేసులో, శబ్దం మీద ఫిర్యాదు వస్తే ఫిర్యాదుదారు ఎవరో ఆరా తీయకుండానే పోలీసులు చర్య తీసుకోవాలని చెప్పింది. లౌడ్‌స్పీకర్ వాడకం ఏ మతానికీ తప్పనిసరి ఆచారం కాదని కూడా తేల్చింది. పరికరాల్లోనే సౌండు పరిమితి పెట్టే ఏర్పాటు గురించి ఆలోచించమని ప్రభుత్వానికి సూచించింది.

ఇక్కడ ఇంకో సాంకేతికమైన చిక్కుంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన రూల్సులో ఉన్న డెసిబెల్ మామూలు డెసిబెల్ కాదు, 'ఏ-వెయిటెడ్' డెసిబెల్. మనిషి చెవికి తక్కువ ఫ్రీక్వెన్సీలు తక్కువగా వినపడతాయి కాబట్టి మీటరు కూడా వాటిని తగ్గించి లెక్కేస్తుంది. ఫ్యాక్టరీ రొదకీ, ట్రాఫిక్కీ ఇది పర్వాలేదు. కానీ డీజేలో అసలు హింస బేసే కదా! 63 హెర్ట్జ్ దగ్గర మీటరు 26 డెసిబెల్స్ కొట్టేసి చూపిస్తుంది. పైగా గోడలు సన్నటి శబ్దాన్ని బాగానే ఆపుతాయి, బేసుని ఆపలేవు. కిటికీలన్నీ మూసుకున్నాక పాటేంటో తెలియదు, గాయకుడెవరో తెలియదు, గుండెల్లో దబ్ దబ్ మాత్రం తెలుస్తుంది. సరిగ్గా ఆ దబ్ దబ్‌నే మన మీటరు చిన్నచూపు చూస్తోంది.

న్యూయార్క్ నగరం దీనికి విరుగుడు రాసుకుంది. 2007 జులై నుంచి అమల్లో ఉన్న అక్కడి నాయిస్ కోడ్‌లో బార్లు, క్లబ్బుల సంగీతానికి ఏ-వెయిటెడ్ పరిమితి 42 డెసిబెల్స్. దాంతోపాటు 63 నుంచి 500 హెర్ట్జ్ మధ్య ఫ్రీక్వెన్సీలకి విడిగా 45 డెసిబెల్స్ పరిమితి పెట్టారు. కొలిచేది బార్లో కాదు, పక్కనున్న ఇంట్లో. ఆ ఒక్క మార్పులోనే చాలా ఉంది. శబ్దం ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఎవరిని బాధపెట్టిందన్నది ముఖ్యం. అక్కడ వీధిలో మైకు పెట్టాలంటే పోలీస్ స్టేషన్లో కనీసం ఐదు రోజుల ముందు దరఖాస్తు చేసుకుని, ఫీజు కట్టి, సౌండ్ డివైస్ పర్మిట్ తీసుకోవాలి. అక్కడున్న మనవాళ్ళు ఉగాది ప్రోగ్రాంలూ, బతుకమ్మ ఆటలూ ఈ రూల్సుల మధ్యే చేసుకుంటున్నారు. హాలువాళ్ళు చెప్పిన టైముకి మైకు కట్టేసి, కుర్చీలు సర్దేసి మరీ ఇంటికెళ్తున్నారు. సంస్కృతికేం లోటు రాలేదు.

"ఏడాదికొక్కసారి పండగ, ఆ మాత్రం ఓర్చుకోలేరా?" అంటారు. న్యాయమైన మాటే. అందుకే చట్టం కూడా 15 రోజులు ఇచ్చింది. ఈ సడలింపు చెల్లదని వాదిస్తే 2005 అక్టోబరులో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది కూడా. కానీ మీ పండగ ఏడాదికొక్కసారి, మా గల్లీకి అన్ని పండగలూ వస్తాయి. బోనాలు, చవితి, దసరా, మిలాద్, క్రిస్మస్, వీటికి తోడు లీడర్ల పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, డిసెంబరు 31. ఎవరి లెక్కలో వాళ్ళది ఒక్కరోజే. 15 రోజుల మాట చెప్పినవాళ్ళు ఆ 15 ఎవరు లెక్కపెడుతున్నారో కూడా చెప్పాలి.

"మా పండగకే ఎందుకడుగుతున్నారు, వాళ్ళనెందుకడగరు?" అనేది ఇంకో వాదన. దీనికి నా సమాధానం చాలా చిన్నది. అందర్నీ అడగండి. 2000లోనే సుప్రీం కోర్టు చెన్నైలోని ఒక చర్చి కేసులో, ఇతరుల ప్రశాంతతని భగ్నం చేసి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదని తీర్పిచ్చింది. అది గుడికీ మసీదుకీ కూడా వర్తించే మాటే. మీటరుకి మతం లేదు. అసలు మతంతో సంబంధం లేని మోత ఎంతుందో చూడండి. 2022లో తెలంగాణ హైకోర్టు రాత్రి 10 తర్వాత సంగీతం ఆపమని చెప్పాల్సి వచ్చింది జూబ్లీహిల్స్ పబ్బులకి. ఆ పబ్బుల్లో శుక్రవారం సాయంత్రం టీం అవుటింగులు చేసుకునేదెవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు :-) గేటెడ్ కమ్యూనిటీల్లో న్యూ ఇయర్ పార్టీ 12 దాటాక కూడా నడిపించేది మనవాళ్ళే. బస్తీ కుర్రాళ్ళ డీజే న్యూసెన్సు, క్లబ్ హౌస్ డీజే సెలబ్రేషన్ అంటే కుదరదు. ప్రహరీ గోడ అవతల రేకుల ఇంట్లో పడుకున్న వాచ్‌మన్ పిల్లలకి రెండూ ఒకటే.

ఇక నిషేధం సంగతి. 2024లో వినాయక చవితి, మిలాద్ ఊరేగింపుల తర్వాత ఫిర్యాదులు బాగా వచ్చాయి. హైదరాబాద్ పోలీసులు అన్ని మతాల పెద్దలతో, రాజకీయ పార్టీలతో సమావేశం పెట్టి, అక్టోబరు మొదట్లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనీ బాణసంచానీ నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చారు. నేను సంతోషించాను. కానీ ఆలోచిస్తే, పర్మిషన్ పద్ధతి విఫలమయిందని ఒప్పుకోవడమే ఆ నిషేధం. 2000 నుంచి ఉన్న పరిమితిని సరిగ్గా అమలు చేస్తే విడిగా డీజేని నిషేధించే పనే లేదు, 65 అనే అంకే దాన్ని నిషేధించేది. పైగా ఆ ఉత్తర్వు మతపరమైన ఊరేగింపులకే. బరాత్, పొలిటికల్ ర్యాలీ, ఫంక్షన్ హాలు మళ్ళీ ఆ పాత పర్మిషన్ కాయితం మీదే నడవాలి.

మరేం చెయ్యాలి? కొత్త చట్టం అక్కర్లేదు. పర్మిషన్ అనే కాయితాన్ని మార్చితే చాలు.

ఒకటి, పర్మిషన్ పరికరానికి ఇవ్వాలి. ఎన్ని బాక్సులు, ఎంత పవరు, ఏ స్థలంలో, సరిహద్దు ఎంత దూరం అన్నది దరఖాస్తులోనే అడగాలి. పైన చేసిన లెక్క ఒక చిన్న ఫారం చేసేస్తుంది. 65 దాటుతుందని తేలితే పర్మిషన్ రాదు, లేదా చిన్న సెట్టుకే వస్తుంది. వినాయక మండపాల వివరాలు పోలీసులకి ఆన్‌లైన్లో ఇచ్చే పద్ధతి ఎలాగూ ఉంది. ఆ ఫారానికి నాలుగు గడులు కలపడం ఎంత పని?

రెండు, బాధ్యత సామాను అద్దెకిచ్చినవాడి మీద ఉండాలి. మండపం కమిటీ ఏడాదికోసారి పుడుతుంది, నిమజ్జనంతో మాయమవుతుంది. పెళ్ళికొడుకు మర్నాడు ఊళ్ళోనే ఉండడు. సౌండ్ సిస్టం యజమాని మాత్రం ఏడాదంతా అక్కడే వ్యాపారం చేస్తాడు. అతన్ని రిజిస్టర్ చేసి, యాంప్లిఫయర్ దగ్గరే లిమిటర్ పెట్టించి, దాటితే సామాను సీజ్ చేస్తే ఆయనే కమిటీకి "అన్నా, ఇంతకంటే పెంచితే నా బండి పోతుంది" అని చెప్తాడు. పోలీసు చెప్పినా వినని కుర్రాళ్ళు ఈ మాట వింటారు. వాళ్ళ పొట్ట కొట్టమని నేననట్లేదు. అందరికీ ఒకే పరిమితి ఉంటే "పక్కవాడి బాక్సు నీ దానికంటే గట్టిగా మోగుతోంది" అన్న పోటీ ఉండదు, అప్పు చేసి పెద్ద బాక్సులు కొనే అవసరమూ ఉండదు.

మూడు, పర్మిషన్ కాయితం మైకు పక్కనే అతికించాలి. టైము, పరిమితి, సెట్టు యజమాని పేరు, ఫిర్యాదు నంబరు. అంతే. బిల్డింగు కట్టేటప్పుడు పర్మిట్ వివరాల బోర్డు పెట్టమంటారు కదా, అలాగే. అప్పుడు పక్కింటివాడు వెళ్ళి గొడవ పడక్కర్లేదు, చదివి రావచ్చు. ఫిర్యాదు చేసినవాడి పేరు అడగకూడదన్న బొంబాయి హైకోర్టు మాటని ఇక్కడ కూడా పాటించాలి.

నాలుగు, కొలిచే మీటరు ఆ గల్లీకి రావాలి. 2011లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏడు నగరాల్లో శబ్దాన్ని నిరంతరం కొలిచే కేంద్రాలు మొదలుపెట్టింది. హైదరాబాదులో అబిడ్స్, జూబ్లీహిల్స్, తార్నాక లాంటి చోట్ల ఉన్నాయి. నగరం మొత్తం మీద ధోరణి తెలుసుకోవడానికి అవి మంచివే. మీ వీధిలో జరిగే బరాత్ గురించి వాటికేం తెలుస్తుంది? స్టేషన్‌కొక మంచి మీటరు, వాడటం తెలిసిన ఒక కానిస్టేబుల్ ఉంటే చాలు. మన ఫోన్లో యాప్ కేసుకి పనికిరాకపోవచ్చు. అది అయిదారు డెసిబెల్స్ అటూ ఇటూ చూపిస్తుందేమో గానీ, 35 డెసిబెల్స్ తేడాని మాత్రం దాచలేదు.

జరిమానాలు లేవా అంటే ఉన్నాయి. ఇదివరకు పర్యావరణ చట్టంలో అయిదేళ్ళ దాకా జైలు ఉండేది. అంత పెద్ద శిక్ష మైకుసెట్టు కేసులో ఎవరు వేస్తారు? కేసు పెట్టడానికే చెయ్యి రాదు. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని మార్చి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా చేశారు. నా దృష్టిలో ఇది పనికొచ్చే మార్పు. వెయ్యని ఉరిశిక్ష కంటే వేసే పదివేల జరిమానా నయం.

సుప్రీం కోర్టు 2005 జులైలో ఇచ్చిన పెద్ద తీర్పు మొదలయింది ఒక ఘోరంతో. పదమూడేళ్ళ అమ్మాయి మీద అత్యాచారం జరుగుతుంటే, చుట్టుపక్కల లౌడ్‌స్పీకర్ల మోతలో ఆ పిల్ల కేకలు ఎవరికీ వినపడలేదు. ఆ వార్త చదివి కోర్టుకెళ్ళిన అనిల్ మిట్టల్ గారు వృత్తిరీత్యా ఇంజనీరు. మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంటుంది గానీ, వద్దన్నవాడి చెవిలో దాన్ని మైకు పెట్టి దూర్చే హక్కు ఎవరికీ లేదని ఆ కేసులో కోర్టు తేల్చింది. అంటే ఇది "నాకు నిద్ర పట్టట్లేదు, కాల్ డిస్టర్బ్ అవుతోంది" అన్న సాఫ్ట్‌వేర్ వాళ్ళ సణుగుడు మాత్రమే కాదు. ఒక ఇంట్లో ఎవరైనా సాయం కోసం అరిస్తే పక్కింటికి వినపడే స్థితిలో ఊరు ఉందా లేదా అన్న ప్రశ్న.

ఈసారి మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో పండగ ప్రోగ్రాం చర్చకి వచ్చినప్పుడు ఒక్క పని చెయ్యండి. డీజే ఎవరు, బడ్జెట్ ఎంత అని అడిగే ముందు, మన సౌండు ప్రహరీ గోడ దగ్గర ఎంత ఉండబోతోంది, పర్మిషన్ కాపీ నోటీస్ బోర్డులో పెడదామా అని అడగండి. కొంతమంది మొహాలు మాడ్చుకుంటారు, పర్వాలేదు. ఊరిని అడిగే ముందు మన గేటు లోపల మొదలుపెడితే, రేపు బయటివాళ్ళని అడగడానికి మనకి మొహం ఉంటుంది. పైఫ్లోర్ అంకుల్ లాంటివాళ్ళు ఎలాగూ నోరు తెరిచి అడగరు. వాళ్ళ తరఫున అడిగేవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంట్లో ఒక్కరుంటే చాలు. ఏమంటారు?